కౌన్సిలరమ్మ జూన్ నెల కాగితం

మా హోసూరులో జూన్ నెల వచ్చిందని తెలుసుకోవడానికి క్యాలెండరు చూడనక్కర్లేదు. మా బ్యాంకులో నగల లోను కౌంటరు ముందు వరుస చూస్తే చాలు. సంక్రాంతికో, పెళ్లిళ్ల రోజుల్లోనో విడిపించుకుపోయిన గొలుసులూ గాజులూ స్కూలు ఫీజుల కోసం మళ్లీ మా ఇనప్పెట్టెకు చేరేది ఈ నెలలోనే. ముప్పై ఏళ్లు పైబడిన సర్వీసులో కొన్ని గొలుసులు ఎంత పరిచయమయ్యాయంటే, తూకం వేయకుండానే బరువు చెప్పగలను. వాటి సొంతదారులు నన్ను చూసి కాస్త ఇబ్బందిగా నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అదలా ఉంచండి.

జూన్ వచ్చిందనడానికి రెండో గుర్తు మా వార్డు కౌన్సిలరమ్మ కాగితం. రేషను కొట్టు గోడ మీద, టీకొట్టు స్తంభానికి, గుడి మంటపం పక్కన, మా అపార్టుమెంటు వాచ్‌మన్ గది తలుపుకి, అన్నిచోట్లా అదే కాగితం జిరాక్సు తీసి అతికిస్తారు. రాత తమిళంలో ఉంటుంది, కాలేజీలో చదివే వాళ్లబ్బాయి రాసిపెడతాడు. అవే సంగతులు ఆమె తన నోటితో తెలుగులో చెప్పి అందరి ఫోన్లకూ పంపుతుంది. తెలుగంటే మా ఊరి తెలుగే. "ఇస్కూళ్లు రెండో తేదీ తెరస్తా ఉండారు, పిల్లోళ్లని ఇప్పట్నించే తొందరగా నిద్ర లేపేది నేర్పండి" అని మొదలుపెడుతుంది. వార్తలు చదివే యాసలో కాదు, పక్కింటి గోడ మీదుగా మాట్లాడినట్టుగా ఉంటుంది.

మన పత్రిక పాఠకుల్లో చాలామంది ఇతర రాష్ట్రాల్లో ఉన్నారు గనుక కాస్త పూర్వకథ చెప్పాలి. హోసూరు మునిసిపాలిటీ 2019లో కార్పొరేషను అయింది, 45 వార్డులు. అయితే తమిళనాడు పట్టణాల్లో 2011లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2016 అక్టోబరుతో తీరిపోయాక, 2022 ఫిబ్రవరి దాకా ఎక్కడా కౌన్సిలర్లే లేరు. అయిదేళ్లకు పైగా వీధిలో దీపం వెలగకపోతే ఏ ఆఫీసులో ఏ బల్ల దగ్గర నిలబడాలో తెలియక తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2022 ఫిబ్రవరి 19న ఎన్నికలు జరిగాయి. స్థానిక సంస్థల్లో స్త్రీలకు సగం స్థానాలని 2016లో తమిళనాడు చట్టం చేసింది గనుక మా వార్డు కూడా స్త్రీలకు వచ్చింది. ఈమె గెలిచింది. పదో తరగతి దాకా చదువు, భర్తకు చిల్లర కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, పాలవాడితో కన్నడం. మా ఊరి మనిషి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆమె ఏ పార్టీయో ఇక్కడ రాయను, ఈ వ్యాసానికి దానితో పని లేదు.

గెలిచిన ఏడాది జూన్ నుంచే ఈ కాగితం మొదలైంది. మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. రాజకీయ నాయకుల కాగితాలు కరెంటు స్తంభాలకు అలంకారమనే అనుకునేవాణ్ణి. 2025 జూన్ కాగితం మాత్రం టీకొట్టు దగ్గర నిలబడి చివరిదాకా చదివాను. చదివించిన కారణం చిత్రమైనది. కాగితాన్ని నిలువుగా రెండు గడులు చేశారు. ఎడమ గడిలో నిరుడు జూన్‌లో చేస్తామన్నవి. కుడి గడిలో అయిందీ కానిదీ.

స్కూలు నీళ్ల తొట్టి కడిగి బ్లీచింగు వేయడం: అయింది, రెండుసార్లు. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపులు మూడు: రెండు అయ్యాయి, ఒకటి కాలేదు. స్కూలు గేటు ముందు మోరీ మీద పలకలు వేయడం: కాలేదు, జూన్ 20లోగా వేస్తామని కాంట్రాక్టరు చెప్పాడు, అప్పటిదాకా పిల్లల్ని పక్క సందులోంచి పంపండి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా లారీలు స్కూలు వీధిలోకి రాకుండా పోలీసువారికి అర్జీ: ఇచ్చాం, జవాబు రాలేదు, మళ్లీ ఇస్తాం.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. వసూలు కాని బాకీని వసూలు కాలేదని ఒప్పుకుని విడిగా చూపించడం ఎంత కష్టమో నాకు తెలుసు. దాన్ని కనబడకుండా సర్దాలని మేనేజర్లు పడే పాట్లు కూడా తెలుసు. ఒక కౌన్సిలరు తన మొండి బాకీలను టీకొట్టు స్తంభానికి అతికించుకోవడం నా జీవితంలో మొదటిసారి చూశాను.

దాని కింద ఆ ఏడు పిల్లల తల్లిదండ్రులకు కావలసిన సంగతులు. జూన్ 2, సోమవారం బడి. కొత్త పాసు వచ్చేదాకా యూనిఫారం ఉంటే చాలు, బస్సులో టికెట్టు అడగరు. పుస్తకాలు బడిలోనే ఇస్తారు, ఎవరికీ డబ్బు కట్టొద్దు. ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలకు పొద్దుటి టిఫిను బడిలోనే, ఉప్మా, కిచిడి, పొంగలి. ఈ టిఫిను పథకం 2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలై, 2023 ఆగస్టు 25 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. గులాబీ తోటలకు తెల్లవారుజామునే పనికి పోయే ఆడవాళ్లకు దీని విలువ తెలుసు. పొయ్యి వెలిగించే వేళే ఉండదు వాళ్లకు. తర్వాత పాత టైర్లలో నీళ్లు నిలవనీయకండి, డెంగీ వస్తుంది అని. తర్వాత వీధికుక్కల సంగతి.

కుక్కల తర్వాత, కాగితం అడుగున, ఒకే ఒక్క వాక్యం. "ఒకటో తరగతి తెలుగు విభాగంలో ఇప్పటిదాకా చేరినవారు 7. తెలిసినవారికి చెప్పగలరు."

టీ చల్లారిపోయింది. ఆ బడి తెలుగు విభాగంలోనే నేను 1973లో ఒకటో తరగతిలో చేరాను. అప్పుడు సిప్‌కాట్ ఫ్యాక్టరీలు ఇంకా లేవు, హోసూరంటే చంద్రచూడేశ్వరస్వామి కొండ, రామనాయకన్ చెరువు, సంత, అంతే. మా తరగతిలో కింద కూర్చోవడానికి చోటు చాలక కొందరం గడప మీద కూర్చునేవాళ్లం. పలక మీద ఉమ్మి తుడిచినందుకు తిన్న దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రమే కౌన్సిలరమ్మ ఇంటికి వెళ్లాను. నిజం చెప్పాలంటే దెబ్బలాడదామనే వెళ్లాను.

"ఏమమ్మా, తెలుగు సంగతి కుక్కల తర్వాత రాస్తారా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "రాండన్నా, కూర్చోండి" అని లోపలికి కాఫీ చెప్పి వచ్చింది. "మోరీ నాదన్నా. పొంగితే నన్ను వీధిలో నిలబెట్టి అడగొచ్చు. లైటు నాది, నీళ్లు నావి. టీచరు నా చేతిలో లేదు, అది ఎడ్యుకేషన్ డిపార్టుమెంటోళ్లది. నేను చేసేదల్లా ఎంచి చెప్పేది. మే నెలంతా ఇంటింటికీ పోయి ఎంచితిమి. ఏ వీధికి పోయినా సగం ఇండ్లు మనవే. బిడ్డల్ని చేర్చింది ఏడు మంది. దీన్ని మొదట్లో రాస్తే మటుకు ఎనిమిదో బిడ్డ వస్తుందా?"

నా దగ్గర జవాబు లేదు. కాఫీ వచ్చింది, తాగాను.

"పది దాటాలన్నా. మొత్తంగా నలభై ఉండాల. ఇప్పుడు మీది క్లాసుల్లో ముప్పై ఒకటి, దీంతో ముప్పై ఎనిమిది. ఆగస్టు ఒకటో తేదీ లెక్క పంపితే టీచరమ్మని మిగులు కింద చూపిస్తారేమో అని హెడ్‌మిస్ట్రెస్ భయపడతా ఉంది."

ఈ పదీ నలభై ఎక్కడివో మన పాఠకులందరికీ తెలియాలి. ఎందుకంటే బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా ఇవే అంకెలు. 1949 ఆగస్టులో అప్పటి రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై, మాతృభాష వేరే అయిన పిల్లలు ఒక బడిలో నలభై మంది గానీ, ఒక తరగతిలో పది మంది గానీ ఉంటే ఆ భాషలో చెప్పడానికి ఒక ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని తీర్మానించారు. భాషా రాష్ట్రాలు ఏర్పడిన 1956లో రాజ్యాంగానికి ఏడో సవరణ చేసి 350ఏ అధికరణం చేర్చారు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కలిగించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని దాని సారాంశం. స్థానిక సంస్థ అనే మాట అందులో ఉంది, గమనించండి. బడి తెరిచేలోగానే ఇలాంటి పిల్లల పేర్లు ముందుగా రిజిస్టరులో రాసిపెట్టుకోవాలనే ఏర్పాటు కూడా ఉంది. 1957 నుంచీ పనిచేస్తున్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు నివేదికల్లో ఈ రిజిస్టర్ల ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది. నా ఊహ ఏమిటంటే, ఆ రిజిస్టరులో పేరు రాయించవచ్చని మనలో నూటికి తొంభై మందికి తెలియదు. బ్యాంకులో యాభై ఏడేళ్లు వచ్చేదాకా పనిచేసిన నాకే తెలియలేదు.

ఇక ఆగస్టు 1. తమిళనాడు బడుల్లో ఆ రోజుకి ఎంతమంది పిల్లలున్నారో చూసి టీచర్ల లెక్క కడతారు. మాకు మార్చి 31 ఎలాగో వాళ్లకు ఆగస్టు 1 అలాగ. ఏడాదంతా ఏం జరిగినా ఆ ఒక్క రోజు నిలవే నిలవ.

తమిళం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2006 చట్టం ప్రకారం రాష్ట్రంలో తమిళం మొదటి భాగంగా అందరూ చదవాలి. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16లో పదో తరగతికి వచ్చింది. పదో తరగతి పరీక్షల దగ్గర మన పిల్లల ఇబ్బందులూ, కోర్టులూ, మినహాయింపులూ చాలా నడిచాయి. అది వేరే వ్యాసం. ఈ ఊళ్లో బతికే పిల్లకు తమిళం రావాలి, అందులో నాకు పేచీ లేదు. నా పిల్లకు తమిళం వచ్చు, కన్నడం వచ్చు. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మన పత్రిక ఇంటికొస్తే ఫోటోలు చూసి పక్కన పెడుతుంది. నేను ఈ వ్యాసం రాసినట్టు వాళ్లమ్మ చదివి చెప్పాలి.

కాఫీ తాగి లేస్తుంటే కౌన్సిలరమ్మ ఇంకో పని అప్పగించింది. స్కాలర్‌షిప్పు డబ్బు నేరుగా ఖాతాలో పడాలంటే ఖాతాకు ఆధార్ జతపడి ఉండాలి, చాలామంది పిల్లలకు ఖాతాలే లేవు, మీరొచ్చి బడిలోనే తెరవండి అంది. పదేళ్లు దాటిన పిల్లలు తమ ఖాతా తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది, 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను మళ్లీ సవరించింది. అంతకంటే చిన్నవాళ్లకు అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. జూన్‌లోనే ఒక మధ్యాహ్నం ఫారాలు పట్టుకుని, ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని వెళ్లాను.

గేటు ముందు మోరీ మీద పలకలు వేశారు. ఇరవయ్యో తేదీ అన్నది ఇరవై మూడున వేశారని ఆయా చెప్పింది.

నా పాత తరగతి గదిలో ఇప్పుడు ఒకటీ రెండూ కలిపి కూర్చోబెడుతున్నారు. ఒక గోడకు అచ్చులు, ఎదురు గోడకు తమిళ అక్షరాలు. ఏడుగురు పిల్లలు ఒక చాప మీద. ఒక పిల్ల నా చేతిలో ఫారాలు చూసి "మీరు ఇంజక్షను డాక్టరా?" అని అడిగింది. కాదు బ్యాంకు అన్నాను. అయితే సరే అంది. టీచరమ్మ నా కంటే పదేళ్లు చిన్నది, చిత్తూరు జిల్లా సరిహద్దు పల్లెలో పుట్టిన మనిషి. ఆమె తన గురించి ఏమీ అడగలేదు, "ఈ పిల్లోళ్లు మళ్లీ తమిళ సెక్షనులో కూర్చుంటే ఒక నెల ఏడుస్తారు సార్, తర్వాత అలవాటైపోతారు, పిల్లలు గదా" అని మటుకు అంది. ఆ "అలవాటైపోతారు" అనే మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాటి నుంచి వారం రోజులు సాయంకాలాలు ఇళ్లు తిరిగాను. ఉగాదికి పంచె కట్టుకుని మన సంఘం సభకు వచ్చేవాళ్లు, పద్యం పాడితే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, అందరూ నాకు తెలిసినవాళ్లే. పద్నాలుగు ఇళ్లలో ఒకటో తరగతి ఈడు పిల్లలున్నారు. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టారు, మర్యాద చేశారు, మురుకులు పెట్టారు. ఒక్క బిడ్డ కూడా రాలేదు. ఫీజులు ఏప్రిల్‌లోనే కట్టేశామన్నారు. ఇంగ్లీషు లేకపోతే ఎట్లా అన్నారు. అయిదో తరగతి తర్వాత తెలుగులో ఎక్కడ చదువుతారన్నారు. ఈ చివరి ప్రశ్న నిజమైన ప్రశ్నే, నేను కొట్టిపారేయను. బెంగళూరుకు రోజూ ట్రైన్‌లో పోయొచ్చే ఒక కుర్రాయన మాత్రం సూటిగా అడిగాడు. "అంకుల్, మీ పాపను ఎక్కడ చదివించారు?"

ట్రాన్స్‌ఫర్ల మీద ఊళ్లు తిరిగే ఉద్యోగం నాది. 2003లో బెంగళూరులో పోస్టింగు వచ్చినప్పుడు పాపకు ఆరేళ్లు. ఇంటికి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు బడిలో చేర్చాను. అక్కడ తెలుగు ఉందా అని అడగాలని కూడా తోచలేదు. సాయంత్రం పూట నేను నేర్పుతానని మా ఆవిడతో చెప్పిన మాట నిజం. ఒక పలక కూడా కొన్నాను.

రాజుగారు అభిషేకానికి తలా ఒక చెంబు పాలు తెచ్చి పొయ్యమంటే, అందరూ పాలు పోస్తారు నేనొక్కణ్ణి నీళ్లు పోస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ఊరంతా నీళ్లే పోసిన కథ మనం పిల్లలకు చెబుతాం. ఆ కుర్రాయన ఇంట్లోంచి మెట్లు దిగుతుంటే నాకు అది గుర్తొచ్చింది.

జూన్ ఆఖరులో కౌన్సిలరమ్మే ఫోను చేసింది. "అన్నా, మీరు మేడల్లో వెదకతా ఉండారు. కట్టడం పనుల కాడికి పోదాం రాండి."

బాగలూరు రోడ్డు పక్కన ఒక పెద్ద కట్టడం లేస్తోంది. రేకుల గుడిసెల్లో ఆదోని వైపు నుంచి వచ్చిన కుటుంబాలు నాలుగు ఉన్నాయి. మేస్త్రీలు, కూలీలు. పిల్లలు ఇసక కుప్ప మీద ఆడుతున్నారు. ముగ్గురికి ఆరేళ్లలోపు, ఒక పిల్లవాడు ఊళ్లో రెండో తరగతి ముగించాడు. ఇక్కడ తెలుగు బడి ఉందని వాళ్లకు తెలియనే తెలియదు. తమిళ దేశంలో మన బడెక్కడిది అనుకున్నారట. పిల్లల్ని రేపే పంపుతామన్నారు.

రేపు వెళ్తే పని కాలేదు. ముగ్గురు చిన్నవాళ్లకు పుట్టిన తేదీ సర్టిఫికెట్లు లేవు, పెద్దవాడికి ఊరి బడినుంచి టీసీ లేదు. తెచ్చుకుని రమ్మన్నారు. ఆదోని పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది. మేస్త్రీ చేతులు కట్టుకుని "సర్లే సార్, దసరాకు పోయినప్పుడు తెస్తాం" అన్నాడు. దసరా ఆగస్టు 1కి తర్వాత వస్తుంది.

ఇక్కడ నాకు ఆ జూన్ కాగితంలోని ఇంకో వాక్యం ఉపయోగపడింది. మొదటిసారి చదివినప్పుడు దాని మీంచి కళ్లు జారిపోయాయి. "కాగితాలు లేవని ఏ బడిలోనూ బిడ్డను వెనక్కి పంపకూడదు, పంపితే నాకు చెప్పండి" అని. ఇది ఆమె సొంత ఔదార్యం కాదు, చట్టం. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వయసు రుజువు లేదనే కారణంతో చేర్చుకోకుండా ఉండరాదని 14వ సెక్షను. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోవడం ఆలస్యం చేయడం గానీ, కాదనడం గానీ కుదరదని 5వ సెక్షను. బడి తెరిచాక వచ్చినా కాదనకూడదని 15వ సెక్షను. నేను ఈ మూడు సెక్షన్లూ ఇంగ్లీషులో టైపు చేయించి తీసుకెళ్లాను. బ్యాంకువాణ్ణి గదా, సెక్షను నంబరు వేస్తే గాని మనసు ఒప్పదు.

కౌన్సిలరమ్మ నా కాగితాన్ని ముట్టుకోలేదు. హెడ్‌మిస్ట్రెస్ ఎదురుగా కూర్చుని, "మేడం, మీకు తెలీనిది కాదు. రేపు ఆడిటులో ఎవరైనా అడిగితే కౌన్సిలరు రాసిచ్చిందని చెప్పండి, సంతకం పెడతా" అని తెల్లకాగితం అడిగింది. ఆ రోజే చేర్చుకున్నారు. టీసీ కోసం ఆదోని బడికి ఉత్తరం ఈ బడివాళ్లే రాశారు. సెక్షన్ల కాగితం నా జేబులోనే ఇంటికి తిరిగొచ్చింది.

జూలైలో ఇంకొక పిల్ల వచ్చింది. మా అపార్టుమెంటు వాచ్‌మన్ మనవరాలు. నేను పద్నాలుగు ఇళ్లు ఎక్కి దిగుతుంటే రోజూ గేటు తీసి వేసినవాడు ఆయనే. "నన్నడగలేదేం సార్?" అన్నాడు. నిజమే, అడగలేదు.

2025 ఆగస్టు 1 శుక్రవారం. కౌంటరులో పని వదిలి వెళ్లడానికి లేదు, మధ్యాహ్నం భోజనం వేళ ఫోను చేశాను. ఒకటో తరగతిలో పదకొండు, పై తరగతుల్లో ముప్పై రెండు, మొత్తం నలభై మూడు. ఆ రోజు ఒక పిల్లకు జ్వరమట, పేరు పట్టీలో ఉంటుంది గనుక పరవాలేదని టీచరమ్మ చెప్పింది. ఆ ఏటికి ఆమె అక్కడే. తర్వాతి ఏటికి ఏమిటన్నది నేను అడగలేదు. కట్టడం ముగిస్తే మేస్త్రీలు ఇంకో ఊరు పోతారు. ఆ నలుగురు పిల్లలూ పోతారు.

ఈ ఊరి కథ ఇంత వివరంగా రాయడానికి కారణం, మీ ఊళ్లో ఇలాంటి కాగితం వస్తుందా అని మీరు అడుగుతారని. రాకపోవచ్చు. బెంగళూరులో కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయాక ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు, అక్కడి మన బంధువులు వార్డు సంగతి ఎవరిని అడగాలో తెలియక తిరిగారు. యానాంలో 2006లో స్థానిక ఎన్నికలు జరిగాయి, అంతకుముందు పుదుచ్చేరి ప్రాంతంలో జరిగింది 1968లో, అంటే ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత. 2006లో గెలిచినవాళ్ల గడువు 2011లో ముగిసింది, దాని తర్వాత మళ్లీ పాత కథే. బరంపురంలో 2022 మార్చిలో ఎన్నికలు జరిగాయి. కౌన్సిలరు ఉన్నచోట ఆయన్నో ఆమెనో అడగండి. లేనిచోట బడి యాజమాన్య కమిటీ ఉంటుంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం స్త్రీలే, స్థానిక ప్రజాప్రతినిధులూ ఉండాలి. ఆ కమిటీలో ఒక తెలుగు తల్లి కూర్చుంటే పట్టీలో ఎంతమంది ఉన్నారో ఆమెకు తెలుస్తుంది. మన సంఘం సభలో వేసే శాలువాల ఖర్చుతో ఇద్దరు కార్యకర్తలు మే నెలంతా ఇళ్లు తిరగవచ్చునని నేను కార్యవర్గంలో అన్నాను. శాలువాలు ఈ ఏడుకు ఆర్డరు ఇచ్చేశామన్నారు.

సెప్టెంబరులో కౌన్సిలరమ్మ ఒక నడి ఏటి కాగితం వేసింది. మూడో తలుపు వేశారు. లారీల అర్జీకి జవాబు రాలేదు. ఈసారి తమిళ కాగితం పక్కన తెలుగు కాగితం కూడా అతికిద్దాం, మీరు రాసివ్వండన్నా అంది. సంతోషంగా ఒప్పుకున్నాను. కూర్చుంటే గాని తెలియలేదు, నలభై ఏళ్లలో నేను తెలుగులో చేత్తో రాసినవి పెళ్లి పద్దులూ, మా అమ్మకు ఉత్తరాలూ మాత్రమే. అమ్మ పోయి చాలా కాలమైంది. రెండు రాత్రులు పట్టింది. నాలుగు ప్రతులు నా చేత్తోనే రాశాను, అక్షరాలు గుండ్రంగా రావాలని స్కెచ్ పెన్నుతో.

మర్నాడు ఉదయం టీకొట్టు దగ్గర ఆదోని మేస్త్రీ నిలబడి మా తెలుగు కాగితాన్ని పైకే చదువుతున్నాడు. చుట్టూ అయిదారుగురు వింటున్నారు. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాడట. నేను పక్కన నిలబడి మురిసిపోతుంటే ఆగి నా వైపు తిరిగాడు.

"సార్, 'విధ్యార్థులు' అని రాసినారు. ద కు పొట్టలో చుక్క... అదే, ఆ వత్తు రాదు సార్ దానికి."

చూశాను. అతనన్నది నిజమే. జేబులోంచి పెన్ను తీసి దిద్దాను.

"రేషను కొట్టు కాడ గుడ్క అట్లనే ఉంది సార్" అన్నాడు.

బ్యాంకు తెరవడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. పెన్ను చేత్తో పట్టుకుని రేషను కొట్టు వైపు నడిచాను, అక్కడినుంచి గుడికి.